ఎలుక పాదం వాచేలోపు

చిట్టెలుక వెనక పాదాన్ని కాలిపర్ రెండు కొనల మధ్య పట్టి మందం చూస్తారు. ఆరోగ్యంగా ఉన్న పాదం రెండు మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఆ తరవాత కంటికి కనబడేదాన్ని బట్టి మార్కులు వేస్తారు. వాపు లేకపోతే 0, ఒకటి రెండు వేళ్లు ఎర్రబడితే 1, పాదమంతా ఉబ్బి కీలు కదలకుండా బిగుసుకుపోతే 4. నాలుగు పాదాలకూ కలిపి 16కి మించవు. కీళ్లవాతం మీద వచ్చిన ఎన్నో పరిశోధన పత్రాల్లో మొదటి బొమ్మ ఈ మార్కుల గీతే.

ఆ గీత దాదాపు మూడు వారాలపాటు సున్నా దగ్గరే పాకుతుంది. పైకి చూస్తే ఎలుకకు ఏమీ కాలేదు. తింటుంది, తిరుగుతుంది, గూడు కట్టుకుంటుంది. లోపల మాత్రం, కీళ్లవాతం తెప్పించడానికి తోక మొదట్లో సూది వేసిన కొద్ది రోజులకే గజ్జల్లోని లింఫ్ గ్రంథులు ఉబ్బడం మొదలవుతుంది. కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ల కట్టిందని మన ఊళ్లలో అంటారే, జరిగేది అదే. ఆ తరవాత ప్లీహం పెరుగుతుంది. రక్తంలో యాంటీబాడీలు లెక్కకు అందేంతగా పోగవుతాయి. ఇంత జరిగాక గానీ ఒక వేలు ఎర్రబడదు.

మరి రోగం పుట్టింది ఎక్కడ? గ్రంథుల్లోనా, కీలులోనా? డెబ్బై ఏళ్లుగా ప్రయోగశాలలు దీన్ని రకరకాలుగా అడుగుతూ వచ్చాయి. జవాబులు ఒకదానితో ఒకటి పొసగవని చాలాకాలం అనిపించింది. ఒకరు చెడ్డదని తేల్చిన కణం మరొకరి ప్రయోగంలో కాపాడేదిగా కనబడేది. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే చిక్కు చాలావరకు ప్రశ్నలోనే ఉందనిపిస్తుంది. ఏ కణం దోషి అని అడిగినంతకాలం గందరగోళమే. ఆ కణం ఏ అవయవంలో ఉంది, ఏ రోజున ఉంది అని అడిగితే పాత ఫలితాల్లో చాలా వాటికి చోటు దొరుకుతుంది.

ఇక్కడ మాట్లాడుకుంటున్నది వయసుతో వచ్చే మోకాళ్ల అరుగుదల గురించి కాదు. రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ గురించి. ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే వేళ్లు, మణికట్లు, పాదాల కీళ్ల లోపలి పొర మీద పడి, దాన్ని మందంగా పెంచి, మృదులాస్థినీ ఎముకనూ కొరికేసే జబ్బు ఇది. మనిషి కీలులోంచి రోజుకో ముక్క కోసి చూడలేం. జబ్బు మొదలు కాకముందు అతని లింఫ్ గ్రంథుల్లో ఏం జరిగిందో వెనక్కి వెళ్లి చూడటం అసలే కుదరదు. అందుకే ఎలుకలు.

మొదటి నమూనా 1956 నాటిది. క్షయ బ్యాక్టీరియాను చంపి, ఖనిజ తైలంలో కలిపి తయారుచేసే ఫ్రాయిండ్ అడ్జువెంట్‌ను రోగనిరోధక స్పందన పెంచడానికి అప్పటికే వాడుతున్నారు. దాన్ని ఎక్కించిన ఎలుకల్లో కీళ్లవాతం వస్తుందని అమెరికాలో కార్ల్ పియర్సన్ రాశాడు. 1977లో డేవిడ్ ట్రెంథామ్ బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. మృదులాస్థిలో ప్రధానంగా ఉండే టైప్ 2 కొల్లాజెన్‌ను తైలంతో కలిపి ఎక్కిస్తే ఎలుకల కీళ్లు వాచాయి. చర్మంలో, ఎముకలో ఉండే టైప్ 1 కొల్లాజెన్‌తో అలా జరగలేదు. అంటే రోగనిరోధక వ్యవస్థ కీలును గుర్తుపట్టే వస్తోంది. 1980లో అదే పద్ధతి చిట్టెలుకల్లోనూ పనిచేసింది. అప్పటి నుంచి డీబీఏ/1 అనే జాతి చిట్టెలుక ఈ రంగానికి అలవాటైన జీవి అయింది.

చేసే విధానం చెప్పడానికి తేలిక, చేతికి కష్టం. కొల్లాజెన్ ద్రావణాన్నీ అడ్జువెంట్‌నూ చల్లగా ఉంచి, తెల్లటి చిక్కటి ముద్ద అయ్యేదాకా కలుపుతారు. ఒక చుక్క నీళ్లలో వేసి చూస్తారు. చెదరకుండా చుక్కగానే నిలిస్తే పాకం కుదిరినట్టు, విచ్చుకుపోతే మళ్లీ కలపాలి. తోక మొదట్లో చర్మం లోపలికి సూది, 21వ రోజున మరో మోతాదు. ముద్ద సరిగా కుదరని ప్రయోగంలో సగం ఎలుకలకు జబ్బే రాదు. ఫలానా మందు పనిచేసింది అని చెప్పే ముందు ఈ చుక్క సంగతి అడగాలని ఈ రంగంలో అనుభవజ్ఞులు అంటారు. అది చమత్కారానికి అనే మాట కాదు.

ఆ ముద్దలోని కొల్లాజెన్ ముక్కలను డెండ్రిటిక్ కణాలు మింగి గజ్జల్లోని గ్రంథులకు మోసుకొస్తాయి. అక్కడ టీ కణాలకు చూపిస్తాయి. డీబీఏ/1 ఎలుకకే ఈ జబ్బు తేలిగ్గా రావడానికి కారణం దాని కణజాల గుర్తింపు అణువు. కొల్లాజెన్‌లోని ఒక చిన్న తునక ఆ అణువు గాడిలో చక్కగా ఇముడుతుంది. మనుషుల్లోనూ ఇలాంటి అణువులను తయారుచేసే హెచ్ఎల్ఏ జన్యువుల్లో కొన్ని రూపాలు ఉన్నవారికి రుమటాయిడ్ ముప్పు ఎక్కువ కాబట్టి, ఈ పోలిక నమూనాకు బలమైన సమర్థన. తునకను గుర్తుపట్టిన టీ కణాలు సంఖ్యలో పెరుగుతాయి. వాటిలో కొన్ని గ్రంథి లోపలి బీ కణాల గూళ్లలోకి వెళ్లి, జెర్మినల్ సెంటర్లు అనే చోట్ల బీ కణాలకు శిక్షణ ఇస్తాయి. అక్కడ నుంచి బయటికి వచ్చే ప్లాస్మా కణాలే కొల్లాజెన్‌కు అంటుకునే యాంటీబాడీలను తయారుచేస్తాయి.

యాంటీబాడీ ఉన్నంత మాత్రాన జబ్బు రాదన్నది చాలాకాలం అర్థం కాని విషయం. మనుషుల్లోనూ అంతే. రుమటాయిడ్ జబ్బుతో వచ్చినవారి పాత రక్తనమూనాలను బ్లడ్ బ్యాంకుల్లోంచి తీసి చూసినప్పుడు, వాపు మొదలవడానికి ఏళ్ల ముందే యాంటీబాడీలు ఉన్నట్టు తేలింది. నెదర్లాండ్స్‌లో 2004లో వెలువడిన అధ్యయనంలో ఆ వ్యవధి మధ్యస్థంగా నాలుగున్నర ఏళ్లు. అన్నేళ్లు ఊరుకున్న యాంటీబాడీ ఒక రోజున ఎందుకు పళ్లు బయటపెడుతుంది? జర్మనీలోని ఎర్లాంగెన్ పరిశోధకులు 2017లో ఎలుకల గ్రంథుల్లోనే ఒక జవాబు చూపించారు. యాంటీబాడీ తోకకు చిన్న చక్కెర గొలుసు ఉంటుంది. దాని కొసన సియాలిక్ ఆమ్లం ఉంటే అది సాధువు, లేకపోతే కయ్యానికి కాలు దువ్వుతుంది. ఐఎల్-23 అనే సంకేతం, దాని వెంట నడిచే టీహెచ్17 అనే రకం టీ కణాలు కలిసి, ప్లాస్మా కణాల్లో ఆ ఆమ్లాన్ని అంటించే ఎంజైమును తగ్గించేస్తాయి. అంటే కీలు వాచే తేదీని నిర్ణయించడంలో గ్రంథుల్లో జరిగే రసాయనపు మార్పుకూ చేయి ఉంది. ఈ రంగంలో గత పదేళ్లలో వచ్చిన అందమైన ఫలితాల్లో ఇది ఒకటి.

ప్లీహం కథ వేరు. ఫ్రాయిండ్ అడ్జువెంట్ ఎక్కించిన ఎలుక ప్లీహం రక్తకణాలు తయారయ్యే రెండో కర్మాగారంగా మారుతుంది. మామూలుగా ఎముక మూలుగలో జరగాల్సిన పని అక్కడికి పాకి, సీడీ11బీ అనే గుర్తు ఉన్న కణాలు కుప్పలుగా పుడతాయి. ఇవి న్యూట్రోఫిల్స్, మోనోసైట్లు, వాటి పూర్వరూపాలు. ఇందులో కొల్లాజెన్ పాత్ర పెద్దగా లేదు, క్షయ బ్యాక్టీరియాదే పాత్ర అంతా.

ఇంటర్‌ఫెరాన్ గామా చిక్కుముడి విడివడింది ఇక్కడే. టీహెచ్1 అనే మరో రకం టీ కణాలు విడుదల చేసే ఈ పదార్థమే కీళ్లవాతానికి మూలమని 1990ల మొదట్లో దాదాపు అందరూ నమ్మారు. దాన్ని గ్రహించే రిసెప్టర్ లేని ఎలుకలను పుట్టించి కొల్లాజెన్ ఎక్కిస్తే జబ్బు రాకూడదు. 1997లో రెండు బృందాలు ఆ పని చేశాయి. జబ్బు రావడమే కాదు, త్వరగా వచ్చింది, తీవ్రంగా వచ్చింది. బెల్జియంలోని ల్యూవెన్ పరిశోధకులు తరవాత ఆ ఎలుకల ప్లీహాలు కోసి చూస్తే సీడీ11బీ కణాలు మామూలు ఎలుకల్లోకంటే ఇంకా ఎక్కువగా పేరుకుని ఉన్నాయి. మూలుగ కణాల ఉత్పత్తికి ఇంటర్‌ఫెరాన్ గామా పగ్గం వేస్తోందన్నమాట. పైగా అది టీహెచ్17 కణాలకూ అడ్డుపడుతుంది. టీహెచ్17 అనే జాతి 2005 ప్రాంతంలో గుర్తింపు పొందేవరకూ ఈ ఫలితానికి సరైన వివరణే లేదు. లెక్క సరిపోలేదని పక్కన పెట్టిన డేటా దాదాపు పదేళ్లకు అక్కరకు వచ్చింది.

గ్రంథులకూ కీలుకూ మధ్య గీత గీసి చూపించిన నమూనా 1996లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో దొరికింది. డయాన్ మాథిస్, క్రిస్టఫ్ బెన్వా బృందం ఒక టీ కణ రిసెప్టర్ జన్యువు ఉన్న ఎలుకను, మధుమేహం వచ్చే ఎన్ఓడీ జాతి ఎలుకతో కలిపింది. పుట్టిన పిల్లల్లో ఆ జన్యువు అందుకున్నవాటన్నిటికీ నాలుగైదు వారాల వయసులోనే కీళ్లవాతం వచ్చింది. వాటికి కే/బీఎక్స్ఎన్ అని పేరు పెట్టారు. వాటి టీ కణాలు గుర్తుపట్టేది కొల్లాజెన్‌ను కాదు. జీపీఐ అనే ఎంజైమును. చక్కెరను విరిచే ప్రక్రియలో పాలుపంచుకునే ఆ ఎంజైము ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంటుంది.

ఈ ఎలుక రక్తంలోంచి సీరం తీసి ఆరోగ్యమైన ఎలుకకు ఎక్కిస్తే ఒకటి రెండు రోజుల్లో కీళ్లు వాచిపోతాయి. ఒక్క టీ కణం గానీ బీ కణం గానీ లేని ఎలుకకు ఎక్కించినా అంతే. ఇచ్చిన యాంటీబాడీలు కరిగిపోయాక వారాల్లో వాపు తగ్గిపోతుంది. యాంటీబాడీ తయారయ్యేదాకా లింఫ్ గ్రంథులు, ప్లీహం లేకుండా పని జరగదు. తయారయ్యాక అవి లేకపోయినా ఎలుక కుంటుతుంది.

ఒంటినిండా ఉండే ఎంజైము మీద యాంటీబాడీ వస్తే కీళ్లే ఎందుకు వాస్తాయి? మృదులాస్థి పైపొరకు జీపీఐ అతుక్కుని ఉంటుందని, యాంటీబాడీ వచ్చి దాన్ని పట్టుకుంటుందని 2002లో చూపించారు. మిగతా కణజాలాలకు, కాంప్లిమెంట్ అనే రక్త ప్రోటీన్ల దాడి వ్యవస్థను ఆపే అణువులు తమ కణాల మీదే ఉంటాయి. కణాలు లేని మృదులాస్థి ఉపరితలానికి ఆ రక్షణ లేదు. అక్కడ మొదలైన కాంప్లిమెంట్ మంట ఆగదు. కీలు బలహీనత దాని నిర్మాణంలోనే ఉందన్నమాట.

సీరం ఎక్కించాక కీలులోకి ముందు దూసుకొచ్చేది న్యూట్రోఫిల్స్. వాటిని యాంటీబాడీతో తొలగిస్తే జబ్బు రాదు. వచ్చాక తొలగించినా వాపు తగ్గుతుంది. ఒకసారి లోపలికి వచ్చిన న్యూట్రోఫిల్స్ ల్యూకోట్రయీన్ బీ4 అనే కొవ్వు పదార్థాన్ని వదిలి తమ తోటివాటిని పిలుస్తాయి. ఆ పిలుపు వినే బీఎల్‌టీ1 రిసెప్టర్ లేని ఎలుకల కీళ్లు వాచవు.

మాస్ట్ కణాల విషయంలో మాత్రం పెద్ద గొడవే జరిగింది. 2002లో బోస్టన్ బృందం, మాస్ట్ కణాలు లేని ఎలుకలకు ఈ సీరం పనిచేయదని ప్రకటించింది. ఆ కణాలను తిరిగి ఎక్కిస్తే జబ్బు వచ్చింది. తిరుగులేని సాక్ష్యంలా కనబడింది, పాఠ్యపుస్తకాల్లోకీ ఎక్కింది. అయితే ఆ ఎలుకల్లో దెబ్బతిన్న కిట్ అనే జన్యువు మాస్ట్ కణాలకే పరిమితం కాదు. వాటిలో న్యూట్రోఫిల్స్ కూడా తక్కువ. 2011లో జర్మనీలో కిట్‌ను ముట్టుకోకుండా మాస్ట్ కణాలను మాత్రమే లేకుండా చేసిన ఎలుకలను పుట్టించి అదే సీరం ఎక్కించారు. పాదాలు మామూలుగానే వాచాయి. ఒక జన్యువు తీసేసి ఒక కణాన్ని తీసేశామనుకోవడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

కీలు లోపల ముందు నుంచే కాపురముంటున్న కణాల గురించి ఇటీవలి వరకూ పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. చెత్తను మింగే మాక్రోఫేజ్ అనగానే, మంట రేపే టీఎన్ఎఫ్ అనే సంకేతాన్ని విడుదల చేసే అపకారి అని ముద్ర. 2019లో ఎర్లాంగెన్ నుంచే మరో పని వచ్చింది. కీలు లోపలి పొర అంచున ఉండే మాక్రోఫేజులు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని, కీలు గదికీ బయటికీ మధ్య కట్టడిగా నిలబడి ఉన్నాయని త్రీడీ చిత్రాల్లో కనబడింది. అవి రక్తంలోంచి రావు, అక్కడే పుట్టి అక్కడే భర్తీ అవుతాయి. సీరం ఎక్కించగానే ఆ అమరిక చెదిరి సందులు పడతాయి. ఆ మాక్రోఫేజులను ముందే తొలగిస్తే జబ్బు ముదిరింది. ఎముక మూలుగ నుంచి రక్తం ద్వారా వచ్చిన మాక్రోఫేజులది వేరే గుణం. మనుషుల్లో 2020లో జరిగిన అధ్యయనంలోనూ, జబ్బు తగ్గి నిలకడగా ఉన్నవారి కీళ్లలో మెర్‌టీకే అనే గుర్తున్న మాక్రోఫేజులు ఎక్కువగా కనబడ్డాయి. అవి మంటను చల్లార్చే పదార్థాలను వదులుతాయి. మాక్రోఫేజులన్నిటినీ ఒకే గాటన కట్టి చంపే మందు వస్తే దానివల్ల మేలూ కీడూ రెండూ ఉంటాయి.

కీలు పొరను నిర్మించే ఫైబ్రోబ్లాస్టుల్లోనూ ఇలాంటి విభజనే ఉంది. వీటిని రోగనిరోధక కణాలనరు గానీ కీలులో వాటి పెత్తనం తక్కువేం కాదు. 2019లో బ్రిటన్ పరిశోధకులు ఎలుక కీళ్లలోని ఫైబ్రోబ్లాస్టులను థై1 అనే గుర్తు ఆధారంగా రెండుగా విడదీసి, వేరువేరుగా వాచిన కీళ్లలోకి ఎక్కించారు. థై1 ఉన్నవి వాపును పెంచి పొడిగించాయి, ఎముక జోలికి పెద్దగా పోలేదు. లేనివి ఎముకనూ మృదులాస్థినీ తిన్నాయి, వాపును పెద్దగా పెంచలేదు. నొప్పి తగ్గినా వేళ్లు వంకరపోతూనే ఉన్నాయని చెప్పే రోగి అనుభవానికి ఇందులో ఆధారం కనిపిస్తుంది. ఎముకను నిజంగా కొరికేవి ఆస్టియోక్లాస్టులు. అవి పుట్టాలంటే ర్యాంక్ లిగాండ్ కావాలి. ఆ అణువు లేని ఎలుకలకు సీరం ఎక్కిస్తే పాదాలు వాచాయి కానీ ఎముకలు దాదాపు చెక్కుచెదరలేదని 2001లోనే తేలింది.

ఇంతవరకూ దారి గ్రంథుల నుంచి కీలుకు. తిరుగు దారి ఒకటుంది. కీలులో చేరిన ద్రవం, కణాలు, చెత్త అంతా లింఫ్ నాళాల్లోంచి మోకాలి వెనకనున్న పాప్లిటియల్ గ్రంథికి చేరాలి. టీఎన్ఎఫ్ ఎక్కువగా తయారయ్యేలా జన్యువు మార్చిన ఎలుకల్లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం వారు ఈ గ్రంథిని నెలల తరబడి ఎంఆర్ఐలో చూస్తూ వచ్చారు. కీలు ఇంకా బాగుండగానే గ్రంథి ఉబ్బుతుంది. చాలాకాలం అలాగే ఉండి ఒక దశలో హఠాత్తుగా కుంచించుకుపోతుంది. సరిగ్గా అప్పుడే ఆ పక్క మోకాలు ముదురుతుంది. కోసి చూస్తే, తమ గూళ్లలో ఉండాల్సిన ఒక రకం బీ కణాలు లింఫ్ పారే సందుల్లోకి వచ్చి పేరుకుని ఉన్నాయి. పూడిక పడ్డ కాలువలో నీళ్లు ఎగువనే నిలిచిపోయినట్టు, కీలులోని చెత్త కదలక అక్కడే ఉండిపోతుంది. బీ కణాలను తొలగించే యాంటీబాడీ ఇస్తే లింఫ్ ప్రవాహం తిరిగి సాగి కీలు మెరుగుపడింది. ఇలాగే బీ కణాలను తొలగించే మందు రిటక్సిమాబ్ రోగుల్లో పనిచేయడానికి యాంటీబాడీలు తగ్గడం ఒక్కటే కారణం కాకపోవచ్చని ఈ పని సూచిస్తుంది. టీ, బీ కణాలు అసలే లేకపోయినా ఇలాంటి అధిక టీఎన్ఎఫ్ ఎలుకల్లో కీళ్లవాతం వస్తుంది. కాబట్టి బీ కణాలు ఇక్కడ జబ్బును పుట్టించేవి కావు, ముదిరేలా చేసేవి.

పేగు కథ లేకుండా ఈ చర్చ పూర్తి కాదు. కే/బీఎక్స్ఎన్ ఎలుకలను సూక్ష్మజీవులే లేని గదిలో పెంచితే జబ్బు బాగా తగ్గుతుంది. 2010లో ఒకే ఒక్క రకం పేగు బ్యాక్టీరియాను, దారంలా సాగే ఎస్ఎఫ్‌బీని ఇస్తే చాలు, టీహెచ్17 కణాలు పెరిగి జబ్బు తిరిగొచ్చింది. పేగు గోడలోని పేయర్స్ ప్యాచుల్లో తయారైన సహాయక టీ కణాలు ప్లీహానికి వలసవెళ్లడం తరవాత కనబడింది. జపాన్‌లో షిమోన్ సకగుచి బృందం 2003లో వెలువరించిన ఎస్‌కేజీ ఎలుకది ఇలాంటి గుణమే. జాప్-70 జన్యువులో ఒక్క మార్పు వల్ల థైమస్‌లో స్వీయ కణజాలం మీద పడే టీ కణాల ఏరివేత సరిగా జరగదు. అయినా శుభ్రమైన జంతుశాలలో దానికి జబ్బు రాదు. మామూలు జంతుశాలలో పెడితే వస్తుంది, లేదా శిలీంధ్రాల గోడల్లోని బీటా గ్లూకాన్ ఎక్కిస్తే వస్తుంది. ఒకే జాతి ఎలుక రెండు నగరాల్లో రెండు రకాలుగా ప్రవర్తించడానికి చాలాసార్లు ఇదే కారణం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలాంటి చోట్ల ప్రయోగ జంతువుల పెంపకాన్ని ప్రత్యేక శాస్త్రంగా చూడటం ఊరికే కాదు.

సకగుచి పేరు చెప్పాక, మిగతా రోగనిరోధక కణాలను అదుపులో ఉంచే రెగ్యులేటరీ టీ కణాలను వదిలేయలేం. 2025 నోబెల్ ఆయనకు వచ్చింది వాటి మీద చేసిన పనికే. కొల్లాజెన్ ఎక్కించే ముందు ఈ కణాలను తీసేస్తే జబ్బు ముదురుతుంది. అందుకే వాటిని పెంచి ఎక్కిస్తే చాలనే ఆశ పుట్టింది. 2014లో టోక్యో నుంచి వచ్చిన పని ఆ ఆశకు షరతు పెట్టింది. వాచిన కీలులోకి చేరిన రెగ్యులేటరీ కణాల్లో కొన్ని, ఫైబ్రోబ్లాస్టులు వదిలే ఐఎల్-6 అనే సంకేతం ప్రభావంలో తమ ఫాక్స్‌పీ3 గుర్తును పోగొట్టుకుని టీహెచ్17 కణాలుగా మారాయి. అలా మారినవి మామూలు టీహెచ్17 కంటే ఎక్కువగా ఆస్టియోక్లాస్టులను పుట్టించాయి. లింఫ్ గ్రంథిలో కాపలా కాసిన కణమే కీలులో ఎముకకు గొయ్యి తవ్వింది.

ఈ ఎలుకల వల్ల రోగులకు ఒరిగిందేమిటి? అన్నిటికంటే పెద్దది టీఎన్ఎఫ్ నిరోధకాలు. గ్రీస్‌లో జార్జ్ కొల్లియాస్ బృందం 1991లో, టీఎన్ఎఫ్ ఒక్కటి పెరిగినా చాలు, ఎలుకకు కీళ్లవాతం వస్తుందని చూపించింది. లండన్ కెన్నెడీ సంస్థలో రిచర్డ్ విలియమ్స్, మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ 1992లో కొల్లాజెన్ ఎలుకలకు, జబ్బు మొదలయ్యాక కూడా టీఎన్ఎఫ్ వ్యతిరేక యాంటీబాడీ ఇచ్చి మేలు చూపారు. అదే ఏడాది చారింగ్ క్రాస్ ఆసుపత్రిలో రోగులకు ఇవ్వడం మొదలైంది. తరవాతి కథ అందరికీ తెలిసిందే. ఇవాళ మన నగరాల్లో రుమటాలజిస్టులు రాసే ఖరీదైన ఇంజెక్షన్లలో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

ఓటమి జాబితా కూడా పొడుగే. సీడీ4 టీ కణాలను ముందే తొలగిస్తే ఎలుకకు జబ్బు రాదని 1985లో తేలింది. ఏళ్ల తరబడి బాధపడుతున్న రోగులకు అలాంటి యాంటీబాడీలే ఇస్తే ఫలితం అంతంతమాత్రం. ఐఎల్-1ను ఆపితే ఎలుక మృదులాస్థి అద్భుతంగా నిలిచింది, మనుషుల్లో అదే పని చేసే అనకిన్రా బలహీనమైన మందుగా మిగిలింది. ఐఎల్-17 లేని ఎలుకలకు కొల్లాజెన్ జబ్బు తక్కువే, కానీ ఐఎల్-17 నిరోధకాలు సోరియాటిక్ ఆర్థ్రయిటిస్‌లో, వెన్నెముక జబ్బులో రాణించి రుమటాయిడ్‌లో నిరాశపరిచాయి. ఎలుక మనిషి కాదని అనేసి ఊరుకుంటే సరిపోదు. చాలా ప్రయోగాల్లో మందు ఇచ్చింది గ్రంథుల దశలో, పాదం వాచకముందు. ఆసుపత్రికి వచ్చే రోగి ఆ దశ దాటి ఏళ్లయి ఉంటుంది. పరీక్షించిన జబ్బు ఒకటి, వైద్యం చేసింది మరొకటి.

విచిత్రంగా, ఇప్పటికీ మొదట రాసే మందు మెథోట్రెక్సేట్ ఈ ఎలుకల దారిలో వచ్చింది కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లే ప్రయోగశాల తయారుచేసిన ఫోలిక్ ఆమ్ల విరోధుల వంశానిది అది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను 1951లోనే కీళ్లవాత రోగుల మీద వాడి చూశారు. రుమటాయిడ్‌కు మెథోట్రెక్సేట్ అమెరికాలో అనుమతి పొందింది మాత్రం 1988లో.

గత పదేళ్లలో మనిషి కీలు నుంచి నేరుగా కణాలు తీసి ఒక్కొక్కదాన్నీ చదివే పద్ధతి వచ్చింది. 2017లో రోగుల కీళ్లలో ఒక కొత్తరకం టీ కణం కనబడింది. లింఫ్ గ్రంథుల్లోని గూళ్లకు దారిచూపే సీఎక్స్‌సీఆర్5 గుర్తు దానికి లేదు. అయినా బీ కణాలకు సాయం చేస్తుంది. గ్రంథిలో జరగాల్సిన పని కీలులోనే జరుగుతోందన్నమాట. కొందరి కీలు పొరలో బీ, టీ కణాలు గుంపుకట్టి చిన్న లింఫ్ గ్రంథిలాగే అమరుతాయి. 2023లో వచ్చిన అమెరికా, బ్రిటన్ సమష్టి అధ్యయనం వాచిన కీళ్లను వాటిలోని కణాల పాళ్లను బట్టి ఆరు రకాలుగా విడదీసింది. డీబీఏ/1 ఎలుక ఈ ఆరింటిలో ఒకటి రెండింటికి పోలుతుందేమో, మిగతావాటికి వేరే నమూనాలు వెతకాలి.

ఒకసారి వాచి తగ్గిన వేలే మళ్లీ ఎందుకు వాస్తుందన్నది ప్రతి రోగీ అడిగే ప్రశ్న. 2021లో బోస్టన్‌లో దానికి ఎలుకల్లో జవాబు వెతికారు. తగ్గిన కీలులో కొన్ని టీ కణాలు బయటికి పోకుండా అక్కడే నివాసముంటున్నాయి. తిరిగి రెచ్చగొడితే రక్తంలోంచి కొత్త టీ కణాల సాయం లేకుండానే అవి మంట రాజేశాయి. అదే ఏడాది ఎర్లాంగెన్ బృందం, ఒకసారి మంట చూసిన ఫైబ్రోబ్లాస్టులు కూడా మారిపోతాయని, రెండోసారి మరింత తీవ్రంగా స్పందిస్తాయని, అందులో కాంప్లిమెంట్ సీ3 పాత్ర ఉందని చూపించింది. జబ్బు మొదలైన కొత్తలో కీలు గ్రంథుల మీద ఆధారపడుతుంది. ముదిరేకొద్దీ సొంతంగా నడవడం నేర్చుకుంటుంది.

అలాగైతే గ్రంథుల దశలోనే మనుషులకు మందు ఇచ్చి చూడాలి. ఆ పని బ్రిటన్, నెదర్లాండ్స్‌లో అపిప్రా అనే పేరుతో జరిగింది, ఫలితాలు 2024లో వచ్చాయి. కీళ్లనొప్పి ఉండి, యాంటీబాడీలు ఉండి, ఇంకా వాపు రాని 213 మందిని ఎంచుకున్నారు. సగం మందికి టీ కణాలు ఉత్తేజితం కాకుండా ఆపే అబటసెప్ట్, మిగతావారికి ఉత్తుత్తి ఇంజెక్షన్, వారం వారం ఏడాదిపాటు. ఏడాది చివరికి మందు తీసుకున్నవారిలో 6 శాతం మందికి, తీసుకోనివారిలో 29 శాతం మందికి జబ్బు వచ్చింది. మందు ఆపేశాక రెండో ఏడాదిలో తేడా తగ్గింది. మొత్తం రెండేళ్లకు 25 శాతం, 37 శాతం. ఏడాదిపాటు టీ కణాలను ఆపినా ప్లాస్మా కణాలు, పాత జ్ఞాపకం ఉన్న బీ కణాలు ఎక్కడికీ పోలేదని దీన్ని చదివిన కొందరి వాదన. ఇంకా ముందు మొదలుపెట్టాల్సిందని మరికొందరి వాదన. ప్లాస్మా కణాలు ఎముక మూలుగలో ఏళ్ల తరబడి బతుకుతాయి. వాటిదాకా చేరేలా రోగి టీ కణాలనే మార్చి ఎక్కించే కార్-టీ చికిత్సలను మొండి ఆటోఇమ్యూన్ జబ్బుల్లో పరీక్షిస్తున్నారు. వాపు రాని మనిషికి అంత బలమైన చికిత్స ఇవ్వడానికి ఏ వైద్యుడూ ఒప్పుకోడు కాబట్టి, ప్లాస్మా కణాలను ముందే తొలగిస్తే ఏమవుతుందన్న ప్రశ్న ప్రస్తుతానికి తిరిగి ఎలుకల దగ్గరికే వెళ్లింది.